నూకాలత్త ముందే చూసిన ఎపిసోడ్

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది జరిగాక కూడా లేదు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి బతుకుతున్నదాన్ని. చీకట్లో ఏదో కనబడిందని పిల్లలెవరైనా అంటే టార్చిలైటు చేతికిచ్చి మళ్ళీ వెళ్ళి చూసి రమ్మంటాను. రావులపాలెంలో నేనుంటున్న ఇల్లు దయ్యాల కొంపని పేరుపడి ఎవరూ దిగకపోతే, అద్దె తక్కువని నేనే దిగాను. ఆరేళ్ళయింది. ఎలుకలు తప్ప ఎవరూ రాలేదు.

నాకున్న పిచ్చి వేరు. అదొక ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సీరియల్. అంతరిక్షంలో ఒక ఓడ, దానికో కెప్టెన్, ఊరూరూ తిరిగినట్టు నక్షత్రాల మధ్య తిరగడం, అంతే కథ. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టాను. నాకు నలభై దాటింది, అది ఇంకా వస్తూనే ఉంది. పేరు చెప్పను, చెబితే మీరూ మొదలుపెడతారు. "ఇంకా ఆ రాకెట్ల సీరియలేనా మేడం" అని స్టాఫ్‌రూములో నవ్వుతారు. అత్తాకోడళ్ళ కొట్లాట పదేళ్ళపాటు చూసేవాళ్ళకి నన్ను చూసి నవ్వే హక్కు ఎక్కడిదో నాకు తెలియదు. నేనేమీ సిగ్గుపడను.

ఆ పిచ్చి అంటుకున్నది మా మేనత్త ఇంట్లో. మా నాన్నకి అక్క, పేరు నూకాలమ్మ. మాకు నూకాలత్త. వాళ్ళది అంతర్వేది దగ్గర పల్లిపాలెం. మావయ్య సముద్రం మీద వేటకెళ్ళే బోటుకి సరంగు, అంటే బోటు నడిపేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు, సెలవులన్నీ నేను అక్కడే. టీవీలో ఆ సీరియల్ వస్తుంటే ముగ్గురం కూర్చునేవాళ్ళం. వాళ్ళిద్దరికీ ఇంగ్లీషు రాదు కాబట్టి నేను కథ చెప్పేదాన్ని. కెప్టెన్‌ని చూసి మావయ్య మొదటిరోజే "ఈడూ మనలాటోడే, సరంగు" అన్నాడు. మా ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది.

నేను డిగ్రీలో ఉండగా వచ్చిన తుఫానులో మావయ్య బోటు తిరిగి రాలేదు. నలుగురు వెళ్ళారు. ముగ్గురి శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మావయ్యది రాలేదు.

పెద్దలు కూర్చుని పెద్ద కర్మ చేసేద్దామన్నారు. అత్త ఒప్పుకోలేదు. "మనిషిని చూపించండి, బొట్టు తీసేస్తాను" అంది. ఎవరు చూపిస్తారు? ఆవిడ బొట్టూ తియ్యలేదు, గాజులూ పగలగొట్టుకోలేదు. పేరంటాలకి పిలవడం మానేశారు. పిలవకపోతే పీడా పోయిందని, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, చేపల గంప నెత్తికెత్తుకుని సంతకి వెళ్ళేది. నాకు తెలిసిన మనుషుల్లో అంత మొండి మనిషి ఇంకొకరు లేరు. నాకు కాస్తో కూస్తో మొండితనం ఉంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

తర్వాత షుగరు ముదిరి చూపు పూర్తిగా పోయింది. అప్పటినుంచి ఆదివారాలు మా ఇద్దరివి. పొద్దున్నే ఫోన్లో కొత్త ఎపిసోడ్ చూసి, రాజోలులో బస్సు మారి, మధ్యాహ్నానికి పల్లిపాలెం చేరేదాన్ని. నాలుగు చక్రకేళీ అరటిపళ్ళు పట్టుకెళ్ళి ఒకటే తిననిచ్చేదాన్ని. మిగతా మూడింటి కోసం ఆవిడ నన్ను తిట్టడం అయ్యాక, అరుగు మీద కూర్చుని ఎపిసోడ్ మొత్తం చెప్పేదాన్ని. ఆవిడ ఊరికే వినదు. "ఆ ఓడకి లంగరెక్కడుందే?" అనేది. "గాలి లేని చోట ఈళ్ళకి వాన ఎట్టా తెలుస్తది?" అనేది. ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసి మా అభిమానుల గ్రూపులో పెట్టేదాన్ని. రాజమండ్రి, భీమవరం, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో ముప్పై మంది ఉంటారు అందులో. వాళ్ళంతా ఎపిసోడ్ కంటే అత్త రికార్డింగ్ కోసమే ఎక్కువ ఎదురుచూసేవాళ్ళు.

ఒక సీజన్ చివరి ఎపిసోడ్‌లో సరంగుని చంపేశారు. ఓడ ముక్కలైపోయింది, శవం దొరకలేదు. ఖాళీ శవపేటిక పెట్టి, దాని మీద పూలు పరిచి, అందరూ వరసగా నిలబడి సాగనంపారు. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి. కానీ బస్సెక్కాక ఏడుపు ఆగి భయం పట్టుకుంది. శవం లేకుండా కర్మ చేసిన కథ ఆవిడకి ఏ నోటితో చెప్పను?

అందుకని అబద్ధం చెప్పాను. పాతికేళ్ళలో ఆవిడకి చెప్పిన మొదటి అబద్ధం అదే. ఓడ దెబ్బతిందనీ, సరంగు జాడ తెలియడం లేదనీ, వెతుకుతున్నారనీ చెప్పి అక్కడితో ఆపేశాను. పేటిక మాట ఎత్తలేదు. పూల మాట అసలు ఎత్తలేదు.

అత్త కోపంగా, "ఖాళీ పెట్టె మీద పూలెందుకెట్టారే ఆళ్ళు? బుద్ధుందా ఆళ్ళకి?" అంది.

మధ్యాహ్నం రెండు గంటలు. ఎదురుగా ఎర్రటి ఎండ, ఇసుకలో ఆరబెట్టిన చేపలు, వాటికి కాపలా కూర్చున్న పక్కింటావిడ. భయపడటానికి తగిన చోటేమీ కాదది.

ఆవిడే మళ్ళీ అంది. "సరంగు పోలేదే. ఇరుకు గదిలో ఉన్నాడు. కుడి చెయ్యి లెగట్లేదు. ఎడం చేత్తో తాడుకి ముడులేస్తన్నాడు, రోజుకొకటి. తిండి దొరకని రోజు ముళ్ళో నీలం పీలిక పెడతన్నాడు."

ముడుల సంగతి నాకు కొత్త కాదు. వేటకెళ్తే మావయ్య వల నూలుకి రోజుకో ముడి వేసేవాడు. చేప పడని రోజు ముడిలో గుడ్డ పీలిక పెట్టేవాడు. ఇంటికొచ్చాక అత్త ఆ పీలికలు లెక్కపెట్టి వెక్కిరించేది. కాబట్టి ఆవిడ చూస్తున్నది మావయ్యనే అనుకున్నాను. ఒక్క తేడా మాత్రం గమనించాను. మావయ్య కుడిచేతివాటం మనిషి. చేతికి ఎప్పుడూ ఏ దెబ్బా తగల్లేదు.

ఒళ్ళో ఫోన్ ఎప్పట్లా రికార్డు చేస్తూనే ఉంది. సాయంత్రం, రికార్డింగ్ చివర్లో ఉన్న ఒక వాక్యం కత్తిరించి మిగతాది గ్రూపులో పెట్టాను. అది ముప్పై మంది ఫోన్లలో తారీఖుతో సహా ఉంది. నా మాట నమ్మనక్కర్లేదు.

సీరియల్ ఆగిపోయింది, మళ్ళీ తీస్తారో లేదో ఎవరికీ తెలియదు. అత్త మాత్రం ప్రతి ఆదివారం "వచ్చాడా?" అని అడిగేది. వెతుకుతున్నారని నేను ఎపిసోడ్లు కల్పించి చెప్పేదాన్ని. నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అత్త భోంచేసి పడుకుని ఇక లేవలేదు.

నేను వెళ్ళేసరికి ఆవిడ నుదుటి బొట్టు తుడిచేసి ఉంది. మావయ్య వాళ్ళన్నయ్య గుమ్మంలో నిలబడ్డారు, ఆయన్ని మేం పెద్దమావయ్య అంటాం. నేను కుంకుమ భరిణె తీసి బొట్టు మళ్ళీ పెట్టాను, ఆవిడ ఎప్పుడూ పెట్టుకునేంత పెద్దది.

"సైన్సు టీచరువి, నువ్వేనా అమ్మా ఈ పని చేసేది?" అన్నారు పెద్దమావయ్య.

"ఆవిడ ఒప్పుకోని మాటని, ఆవిడ నోరు లేవని రోజు చూసి ఒప్పించకండి పెద్దమావయ్యా" అన్నాను.

గాజులు కూడా నేనే వేశాను. ముత్తయిదువగానే పంపాం. నలుగురూ నాలుగు మాటలన్నారు, పడ్డాను. పైకి గట్టిగానే ఉన్నాను గానీ లోపల పురుగు తొలిచేది. నేను చెప్పిన అబద్ధం పట్టుకునే ఆవిడ ఆ చివరి నెలలు ఎదురుచూసిందేమో. కళ్ళు లేనిదాన్ని మోసం చేశానేమో.

రెండేళ్ళ తర్వాత సీరియల్ మళ్ళీ మొదలైంది. ఆ ఆదివారం నేను లేచేసరికి ఫోన్ నిండా గ్రూపువాళ్ళ మెసేజ్‌లు. ఎవరూ ఏమీ రాయలేదు. ఒకరి తర్వాత ఒకరు ఆ పాత రికార్డింగే పంపారు. ఎపిసోడ్ చూడకముందే అత్త గొంతు విన్నాను.

తర్వాత చూశాను. చచ్చినవాణ్ణి బతికించడం సీరియల్ రాసేవాళ్ళకి మామూలే, ఆమాత్రం నాకూ తెలుసు. సరంగు బతికున్నందుకు నేను ఆశ్చర్యపోలేదు. ఇరుకు గది. కుడి చెయ్యి వేలాడుతోంది. ఎడం చేత్తో, పళ్ళతో లాగుతూ తాడుకి ముడి వేస్తున్నాడు. తిండి రాని రోజు చొక్కా లోపలి గుడ్డ చింపి ముడిలో పెట్టాడు. నీలం రంగు గుడ్డ.

నేను తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. కథ ముందే బయటికొచ్చిందేమో వెతికాను. అత్త ఆ మాటలన్ననాటికి ఆ సీజన్ తీయడమే మొదలవలేదు. ఆవిడకి ఫోన్ లేదు, ఇంగ్లీషు లేదు, కళ్ళు లేవు. రోజులు ముడులతో లెక్కపెట్టేవాళ్ళు ప్రపంచంలో చాలామందే ఉంటారు, అది కాకతాళీయం అనుకుందాం. మరి చెయ్యి? నీలం? పెట్టె మీద పూలు? నాకు తెలిసిన ఫిజిక్స్ అంతా తిరగేసినా జవాబు లేదు. తెలియదని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

ఈ సంగతి తెలిసి పెద్దమావయ్య వచ్చారు. "మా నూకాలుకి దేవత పూనింది. పటం కట్టించి కొబ్బరికాయ కొడదామమ్మా" అన్నారు. బొట్టు తుడిచిన చేతులవే. వద్దన్నాను. బతికుండగా పేరంటానికి పిలవనివాళ్ళు ఇప్పుడు దేవతని చేస్తామంటే నేను చెయ్యనివ్వను.

ఇక నేను కత్తిరించిన ఆ చివరి వాక్యం. అది నా ఫోన్లో మాత్రమే ఉంది. నీలం పీలిక మాట అయ్యాక అత్త నవ్వుతుంది. నవ్వి, "ముందు సరంగు వస్తాడు. ఆ ఎనకాలే మీ మావయ్య" అంటుంది.

మొదటి మాట జరిగింది. రెండో మాట గురించి నేనేమీ అనను. కానీ మొన్న పెళ్ళిలో ఎవరో నన్ను "పోయిన సరంగు మేనకోడలు" అని పరిచయం చేయబోతే, అందరి ముందూ ఆపి సరిచేశాను. పోయిన కాదండీ, ఇంకా రాని.