గాభరా గీత దాటిన రోజు

ఆ వీధిలో అందరూ అతన్ని గాభరా అనే పిలుస్తారు. చాటుగా కాదు, మొహం మీదే. కొట్ల ముందు ఎండకూ వానకూ కట్టే టార్పాలిన్ పరదాలు కుట్టడం అతని పని. ఆ పనిలో అతనికి వంక పెట్టగలిగినవాడు లేడు. సూది చేతిలో ఉన్నంతసేపూ చెయ్యి వణకదు. సూది కింద పెట్టాడా, ఇక మొదలు. గాలి గట్టిగా వీస్తే ఎక్కడి పరదా ఊడిందోనని దిగులు, వీచకపోతే తుఫానుకు ముందు ఇలాగే ఉంటుందని దిగులు.

ఇలాంటి మనిషికి జీఎస్టీ సంగతి సగం చెప్పి వదిలేశారు. ఏడాది అమ్మకాలు ఒక గీత దాటితే నమోదు చేసుకుని, వందకు ఇంత చొప్పున పన్ను కట్టాలన్నారు. లెక్క తేలిక కోసం వందకు పది అనుకోండి. చెప్పినవాళ్లు మిగతాది కూడా చెప్పే ఉంటారు. ఇతను వింటే కదా! ఇంటికొచ్చి సొంతంగా లెక్క వేసుకున్నాడు. పరదా అమ్మేది రెండు వేలకు. గుడ్డకూ దారానికీ గొట్టాలకూ పోయేది పదహారు వందల యాభై. మిగిలేది మూడు వందల యాభై. రెండు వేల మీద వందకు పదంటే రెండు వందలు. అదీ పోతే చేతికొచ్చేది నూట యాభై.

"నూట యాభైకి నడుం విరిగేలా కుట్టి చావాలా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇక ఆ ఏడాది నుంచీ అమ్మకాలు గీత దగ్గరికి రాగానే షట్టర్ దించేయడం మొదలుపెట్టాడు. అదీ సరిగ్గా జనం పరదాల కోసం ఎగబడే వానల్లో. నడుం నొప్పి అనేవాడు, జ్వరం అనేవాడు. వానల్లో కొట్టు మూసుకునే పరదాలవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

పక్క మిషన్ మీద పదేళ్లు కుట్టిన బామ్మర్దికి ఇది గిట్టలేదు. నమోదు చేయించుకుందాం బావా, అని వెంటపడ్డాడు. రెండేళ్ల కిందట మాటా మాటా పెరిగింది. "నా కొంప ముంచడానికి దాపురించావు, మళ్లీ ఈ గడప తొక్కకు!" అనేశాడు గాభరా. భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. అడ్డు చెప్పలేదు. తమ్ముడు ఒకసారి ఆవిడ మొహం వంక చూసి, తన కత్తెర తీసుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. భర్త మీద కోపం కన్నా, ఆ రోజు తన నోరు పెగల్లేదన్న బాధే ఆవిణ్ణి ఎక్కువ తినేసింది.

ఇలా ఉండగా ఒకనాటి పొద్దున మార్కెట్ సంఘం పెద్దాయన వచ్చాడు. వరసలో నలభై కొట్లకూ ఒకే రంగు పరదాలు కావాలి, జీఎస్టీ బిల్లు ఇవ్వాలి, సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పాలి. ఒప్పుకుంటే గీత దాటడం ఖాయం. కాదంటే కొట్టు ఉండదు, షట్టర్ దించుకుని కూర్చునేవాడికి అద్దెకెందుకివ్వాలని ఓనరు అప్పటికే అంటున్నాడు. గాభరా కంచం పక్కకు నెట్టి వాకిట్లో పచార్లు మొదలెట్టాడు.

"మా తమ్ముణ్ణి అడగరాదూ?" అంది భార్య, గోడ వంక చూస్తూ.

"నువ్వే అడుగు."

"నేను ఏ మొహం పెట్టుకుని అడగను?"

చేసేది లేక అతనే వెళ్లాడు. రెండు వీధుల అవతల రేకుల షెడ్డులో బామ్మర్ది సొంతంగా కుడుతున్నాడు. బావను చూసి మిషన్ ఆపాడు.

"ఏంటి బావా, ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదురా. అయితే గియితే నాకే." ఉన్నదంతా ఏకరువు పెట్టాడు.

బామ్మర్ది సుద్దముక్క తీసి, ఎదురుగా పరిచిన టార్పాలిన్ మీద రాయడం మొదలెట్టాడు. "పరదాకు నీకయ్యే పదహారు వందల యాభైలో సరుకు ఖరీదు పదిహేను వందలే. మిగతా నూట యాభై జీఎస్టీ."

"అంటే నేను కడుతున్నానా?"

"మొదట్నుంచీ కడుతున్నావు."

గాభరా పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. దేనికి భయపడి షట్టర్ దించుకున్నాడో, దాన్ని ప్రతి గజం గుడ్డ మీదా కడుతూనే ఉన్నాడన్నమాట.

"నమోదైతే పరదా రెండు వేలు, పైన పన్ను రెండొందలు. ఆ రెండొందలూ కొట్లవాళ్లిస్తారు. వాళ్లూ నమోదైనవాళ్లే, తమ లెక్కలో తగ్గించుకుంటారు. నువ్వు అందులోంచి సరుకు మీద కట్టిన నూట యాభై మినహాయించుకుని, యాభై కడితే చాలు. ఎంత మిగిలింది?"

గాభరా వేళ్లు మడిచాడు. వచ్చింది ఇరవై రెండొందలు. సరుకుకు పదహారు వందల యాభై, పన్నుకు యాభై పోయాయి. "ఐదొందలు. తప్పేమోరా, మళ్లీ చూడు." మళ్లీ వేసినా ఐదొందలే.

"నెలనెలా లెక్క చూపించాలి. తేదీ దాటితే జరిమానా. ఆ తలనొప్పి లేదనను," అన్నాడు బామ్మర్ది.

"మరి ఇన్నాళ్లూ కట్టిన నూట యాభైలు?"

"తిరిగి రావు. ఇకమీదవే."

"ఇదంతా ఆ రోజే చెప్పొచ్చు కదరా!"

"చెప్పాను బావా. మీ కొట్టు నేల మీద ఇలాగే సుద్దతో రాశాను. నువ్వు కాలితో చెరిపేశావు."

గాభరాకు గుర్తొచ్చింది. కూర్చున్న స్టూలు మీదే ముందుకు వంగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తప్పయిపోయిందిరా, అన్నాడు. పోన్లే బావా, సగం నేను కుడతాను, అని బామ్మర్ది మార్కెట్ పెద్దాయనకు ఫోన్ చేసి ఆర్డర్ ఒప్పుకున్నాడు. నమోదు కాగితాలు షెడ్డు మూలనున్న కంప్యూటర్లో అప్పటికప్పుడే నింపేశాడు. చివరికొచ్చాక ఆగాడు.

"నీ నంబరుకు కోడ్ వచ్చుంటుంది, చెప్పు."

"ఫోను మీ అక్క దగ్గరుంది."

బామ్మర్ది తన ఫోను తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నంబరు నొక్కడే!

"చెయ్యరా బాబూ, కోడ్ టైమైపోతే మళ్లీ మొదటికొస్తుందేమో!"

చేశాడు. స్పీకర్లో ఆవిడ గొంతు వినపడింది. "ఎవరూ?"

"నేనక్కా."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. "మీ బావకేమైనా అయిందా?"

"ఏం కాలేదు. నీ ఫోనుకు ఆరంకెలు వచ్చుంటాయి, చదువు."

ఆవిడ ఒక్కో అంకే కూడబలుక్కుని చదివింది. నాలుగో అంకె దగ్గర ఆగి, ముక్కు చీది, మిగతా రెండూ చెప్పింది. షెడ్డు చివర దారం చుట్టే పనివాడికి కూడా అన్నీ స్పష్టంగా వినపడ్డాయి. బామ్మర్ది చెయ్యి మాత్రం కీబోర్డు మీద కదల్లేదు.

"కొట్టరా, టైమైపోతోంది!" అన్నాడు గాభరా.

ఉండమని అతనికి చేత్తో సైగ చేసి, బామ్మర్ది కళ్లు తుడుచుకున్నాడు.

"సరిగా వినపడలేదక్కా. మళ్లీ చెప్పు."