బంగారు రంగు చూపించిన కిటికీ

కిటికీ వల్ల సంబంధం తప్పిపోబోవడం మీరెక్కడైనా విన్నారా? కిటికీలోంచి దూకి పారిపోయిన పెళ్లికొడుకు కథ కాదు నేను చెప్పబోయేది. తన మానాన తాను గోడలో కూర్చున్న కిటికీ ఒకటి, కడప నుంచే నా నిశ్చితార్థాన్ని రాయచోటిలో చెడగొట్టబోయిన కథ. ఆ కిటికీ గీసిన ఘనుణ్ని నేనే కాబట్టి నవ్వడానికి మీరేమీ మొహమాటపడనక్కర్లేదు.

అప్పట్లో నేను కర్నూలులో కొత్తగా బోర్డు పెట్టుకున్న ఆర్కిటెక్టుని. చదువు అయిపోయినా మా వృత్తిలో మమ్మల్ని వదిలిపెట్టరు. అప్పుడప్పుడు పిలిచి, కుర్చీల్లో కూర్చోబెట్టి, కొత్త సంగతులు నేర్పుతారు. అలాంటి ఒకరోజు తరగతికి నేనూ వెళ్లాను. దుకాణాలకు, ఆఫీసులకు కిటికీలు ఎలా ఉండాలి, ఏ గాజు ఎలా పనిచేస్తుంది అన్నది ఆనాటి పాఠం.

పొద్దున పూటంతా పాఠం చెప్పే మేడమ్ వేడి గురించి చెప్పింది. వెలుగుతున్న పెద్ద బల్బు ముందు ముదురు గోధుమరంగు గాజుపలక నిలబెట్టి, వెనక చెయ్యి పెట్టి చూడమంది. వేడి తగలలేదు. కర్నూలు ఎండలో పుట్టి పెరిగిన నాకు ఇంక జ్ఞానోదయం కావడానికి ఏం మిగిలింది? మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు. మొహమాటం లేకుండా తిన్నాను. "వేడిని ఆపే గాజు ఇంకా ఏమేం చేస్తుందో ఇప్పుడు చూద్దాం" అని మేడమ్ అనడం వరకు నాకు గుర్తుంది. మళ్లీ కళ్లు తెరిచేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేనూ కొట్టాను. సర్టిఫికెట్ ఇస్తే తెచ్చుకుని, ఫ్రేము కట్టించి, ఆఫీసులో గోడకు తగిలించాను.

ఆ సర్టిఫికెట్ చూసి మోసపోయిన మొదటి మనిషి ఖాదర్ భాయ్. కడపలో పట్టుచీరల దుకాణం ఆయనది. కొత్త భవనం కడుతున్నాడు, అదీ పడమటి ముఖం.

"సాయంత్రమైతే ఎండ లోపలికొచ్చి కూచుంటాది సార్. గిరాకీ బయటికి పోతాది" అన్నాడు.

"మీ దుకాణంలో ఎండ అడుగుపెట్టదు భాయ్. నా పూచీ."

"మరి చీరలు చూసుకునేదానికి వెలుతురు గావాల గదా?"

"కావలసినంత ఉంటుంది. పగలు లైట్లే వెయ్యొద్దు. కరెంటు బిల్లు చూసి మీరే నన్ను వెతుక్కుంటూ వస్తారు."

ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చిన మాట నిజమే. కారణం మాత్రం కరెంటు బిల్లు కాదు.

ముందుగోడ మొత్తం నేల నుంచి కప్పుదాకా గోధుమరంగు గాజు పెట్టించాను. లోపలి చల్లదనం బయటికి పోకుండా వాకిలికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, మధ్యలో ఒక గార్డు. ఇక్కడ మీకొక సంగతి గుర్తుచేయాలి. మన ఆడవాళ్లు దుకాణంలో ఎన్ని దీపాలున్నా చీరను నమ్మరు. కొంగు పట్టుకుని వాకిట్లోకి తెచ్చి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు గానీ ఊఁ అనరు. తరతరాల ఆ తెలివికి నా రెండు తలుపులూ గొళ్లెం పెట్టేశాయి. బిల్లు కట్టని చీరను గార్డు గడప దాటనివ్వడు. దాంతో అందరూ చీరలు పట్టుకుని నా కిటికీ దగ్గరికే రావడం మొదలుపెట్టారు. అది చూసి నేను పొంగిపోయాను.

దుకాణం తెరిచిన వారంలోనే నాకు రాయచోటి సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు సుజాత. నిశ్చితార్థం చీర మేము పెట్టాలి. ఇంక వేరే దుకాణానికి ఎందుకు పోతాను? కాబోయే అత్తగారినీ సుజాతనూ మా అమ్మతో పాటు వెంటబెట్టుకుని, సాయంత్రం పూట నా కళాఖండానికే తీసుకెళ్లాను. ఖాదర్ భాయ్ నమాజుకు వెళ్లాడు. సరుకు కొత్తది, చూపించే అమ్మాయీ కొత్తదే.

"బంగారు రంగు కావాలప్పా" అంది అత్త. "మా అమ్మ నాకు ఆ రంగే పెట్టింది. నా బిడ్డకూ అదే పెట్టాలని నాకు శానా ఆశ."

ఒక చీర కిటికీ దగ్గర పరిచాను. గాజులోంచి దిగిన సాయంకాలపు వెలుగులో అది తేనెలా మెరిసింది. అత్త ముఖం వెలిగిపోయింది.

సుజాత మాత్రం కొంగు వదల్లేదు. "ఒకసారి బయట ఎండలో చూద్దామా?" అంది.

"ఎందుకండీ? ఇంత మంచి వెలుతురు కడప మొత్తంలో దొరకదు" అన్నాను.

"ఈ కిటికీ ఎవురు పెట్టినారు?"

"నేనే."

"అందుకే అడుగుతాండా" అంది.

చమత్కారం అనుకుని నవ్వి, బిల్లు వేయించి, చీరను పెట్టెలో కట్టించేశాను.

నిశ్చితార్థం రాయచోటిలో వాళ్లింటి ముందు, పందిరి పక్కన ఆరుబయట. పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు, పెట్టె. మా అమ్మ అందరి ముందూ పెట్టె తెరిచి చీర పైకెత్తింది. పట్టపగటి ఎండలో అది తెల్లగా ఉంది, బియ్యప్పిండి ఎంత తెల్లగా ఉంటుందో అంత.

సుజాత తాత చేతికర్ర ఆనించుకుని ముందుకు వచ్చాడు. "ఏమప్పా, పెండ్లికూతురికి తెల్లచీర తెస్తివే. చావింటికి పోతా పోతా దారి తప్పి ఈడికి వస్తివా?"

"అది కాదు తాతా, ఆ గాజు వేడిని ఆపుతుంది. ఆపేటప్పుడు..." అని మొదలుపెట్టాను. ఆపేటప్పుడు ఏం చేస్తుందో నాకు తెలియదు. ఆ పాఠం జరిగినప్పుడు నేను నిద్రలో ఉన్నాను.

"ఈ మాటలన్నీ తర్వాత. ముందు తాంబూలాలు పక్కన పెట్టండి" అన్నాడు తాత. అత్త పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా కిటికీ వేడినే కాదు, ఆమె ఎన్నేళ్లుగానో పెంచుకున్న ఆశనూ ఆపేసింది.

అప్పుడు సుజాత గడపలోకి వచ్చింది. "నేను ఈ చీరే కట్టుకుంటా తాతా" అంది. "అయితే ఒకటి. ఆయన పోయి ఆ కిటికీ పీక్కొచ్చి, ఫోటోలు అయ్యేదాకా నా ముందర పట్టుకోని నిలబడాల."

ముందు అత్త నవ్వింది, ఏడుస్తూనే. తర్వాత పందిరంతా నవ్వింది. తాత నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించి ఓడిపోయాడు.

నేను ఫోన్ తీసేలోపే ఖాదర్ భాయ్ ఫోనొచ్చింది. "సార్, యాడుండారు? పొద్దున్నుంచి చీరలు మార్చమని జనం నా తల తింటాండారు." ఉన్న సంగతి చెప్పాను. మధ్యాహ్నానికల్లా ఆయన కారు నిండా చీరలతో రాయచోటిలో దిగి, వాకిట్లో చాప పరిపించి, "ఎండలోనే చూసుకోమ్మా" అన్నాడు. అత్త అసలైన బంగారు రంగు చీర ఏరుకుంది. తాంబూలాలు సాయంత్రం మార్చుకున్నాం.

ఆ గాజు తీయించి, రంగు మార్చకుండా వేడిని తగ్గించే తేట గాజు వేయించి, బయట నీడకు చజ్జా కట్టించాను. మరుసటి ఏడాది అదే తరగతికి మళ్లీ వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. భోజనం డబ్బా సుజాత కట్టి ఇచ్చింది. తెరిస్తే కీరదోసకాయ ముక్కలు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నం మేడమ్ గోధుమరంగు గాజు వెనక తెల్లగుడ్డ పట్టుకుని, అది బంగారు రంగుకు తిరగడం చూపించి, "ఇలాంటిది బట్టల దుకాణానికి పెట్టేంత అమాయకులు ఎవరూ ఉండరనుకోండి" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ఇదే నా ప్రమాణం. పాఠం ఉన్న రోజున బిర్యానీ వాసన కూడా చూడను. తెలియని గాజుకు జన్మలో పూచీ పడను.

ఈ ప్రమాణం రాసి సుజాత చేతికిచ్చాను. ఆమె రెండుసార్లు చదివి, కాగితం పట్టుకుని వాకిట్లోకి నడిచింది.

"ఎక్కడికి?" అన్నాను.

"మీ మాట గదా" అంది. "ఒకసారి ఎండలో చూసొస్తా."