ఉయ్యాలకు ఒక్కరే

మామిడిపండు వాసన, పసిపిల్లలు కక్కిన పాల వాసన కలిసి ముక్కుకు తగిలితే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. విడివిడిగా రెండూ ఎంత మంచి వాసనలో! కలిస్తే మాత్రం ఒక రేకుల గది, దూలాలకు వేలాడే పాత చీరల ఉయ్యాలలు, వాటి మధ్య కొంగు బిగించి నిలబడిన మునెమ్మక్క కళ్ళ ముందుకు వచ్చేస్తారు. మొన్న మనవరాలిని తీసుకురావడానికి తిరుపతిలో ప్లేస్కూలుకు వెళ్ళాను. కొడుకూ కోడలూ తెల్లారే బస్సెక్కి శ్రీసిటీలో ఉద్యోగాలకు పోతారు, నా మోకాళ్ళు చూస్తే సహకరించవు, అందుకని పాపను అక్కడ వేశాం. పిల్లలకు మామిడి ముక్కలు పెట్టినట్టున్నారు, తలుపు తీయగానే అదే వాసన గుప్పున కొట్టింది. ఆ గదిలో ఏం చూశానో తర్వాత చెప్తాను. ముందు మునెమ్మక్క సంగతి చెప్పాలి, ఆమెను మీరెవరూ చూసి ఉండరు.

ఎనభైల మొదట్లో నేను చిత్తూరు బయట, పూతలపట్టు వెళ్ళే రోడ్డు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు కోసే పనికి కుదిరాను. నా పుట్టిల్లు చంద్రగిరి. పది పాసై, పెళ్ళై, ఎనిమిది నెలల రవిని చంకనేసుకుని అత్తగారి ఊరి నుంచి పనికి నడిచి వచ్చేదాన్ని. ఆడవాళ్ళు పనిచేసే చోట పసిపిల్లలకు గది ఉండాలని గవర్నమెంటువాళ్ళు పట్టుబడితే, షెడ్డు పక్కనే రేకుల గది ఒకటి కట్టి, చూసుకోవడానికి మునెమ్మక్కను ఆయాగా పెట్టారు. గదికి పన్నెండు మంది పిల్లలు, ఒక ఆయా. అదీ అనుమతి. గోడ మీద ఎర్ర రంగుతో రాయించారు కూడా. మునెమ్మక్కకు యాభై దాటి ఉంటాయి. ఎప్పుడూ ఆకూవక్కా నములుతూ ఉండేది, మాట పెళుసు. ఆమె నోరు మంచిది కాదని ఫ్యాక్టరీ అంతా అనేవాళ్ళు. నిజమే, మంచిది కాదు.

మొదటి రోజే నాకు ఆ నోటి రుచి తెలిసింది. ఉయ్యాలకు చీర తెచ్చుకోమన్నారని, ఉన్నవాటిలో మంచిది చూసి ఉతికి మడతపెట్టి తీసుకెళ్ళాను. మునెమ్మక్క దాన్ని ముక్కుకు ఆనించుకుని చూసి, తిరిగి నా ఒళ్ళోకి విసిరేసింది.

“ఏం మే, ఉతికిన చీర తెచ్చినావు? రాత్రి కట్టుకోని పండుకున్న చీర యాడ?”

“అది మాసిపోయిందక్కా.”

“ఆ మాసిన చీరే గావాల. నీ వాసన తగిల్తేనే గదా వాడు కండ్లు మూసేది. దీన్ని పెట్టెలో దాసుకో, ఎవురి పెండ్లికన్నా కట్టుకుందువు.”

మర్నాడు నా పాత పచ్చ చీర తీసుకెళ్ళాను. రవి అందులో పడుకుని ఒళ్ళు మరిచి నిద్రపోయాడు. ఆ గదిలో ఏ బిడ్డ ఉయ్యాలకు ఆ బిడ్డ తల్లి చీరే. పాలిచ్చే వేళకు పరిగెత్తుకొచ్చే మేము రంగు చూసి సూటిగా మా బిడ్డ దగ్గరికి పోయేవాళ్ళం. మునెమ్మక్కకు రంగు కూడా అక్కర్లేదు. గోడవైపు తిరిగి పాలడబ్బాలు కడుగుతూనే “ఆ ఏడ్చేది మంగ కూతురు, దానికి ఉక్కబోస్తా ఉండాది” అనేది. వెళ్ళి చూస్తే మంగ కూతురే.

కాయల లారీలు బారులు తీరేసరికి పనికి మనుషులు చాలలేదు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళంతా చంటిపిల్లలతోనే వచ్చారు. గదిలో చోటు లేదని మునెమ్మక్క గుమ్మంలోనే ఆపేసింది. బిడ్డను పెట్టుకోకపోతే ఆ తల్లికి పని లేదు, కూలి లేదు. వాళ్ళు ఏడ్చారు, తిట్టారు, దుమ్మెత్తి పోశారు. నాకే జాలేసి, “ఒక బిడ్డ ఎక్కువైతే ఏమైపోతుందక్కా?” అన్నాను.

“ఒక బిడ్డ అని నువ్వంటావు, ఇంకొకటి అని ఇంకొకతి అంటాది. తిరిగి సూడకుండా ఎవురు ఏడస్తా ఉండారో చెప్పగలిగినంతవరకే మే నేను ఆయాను. అది దాటితే ఇది బందెలదొడ్డి.” అంతటితో ఊరుకోలేదు. “ఆడోళ్ళంతా నన్ను తిడతా ఉండారే, ఇంకొక గది తీసి ఇంకొక మనిషిని పెట్టేదానికి ఆ సారుకేం రోగం? ఆయన్నెవురూ అడగరేం?”

సారు అంటే మేనేజరు. గొప్ప భక్తుడు. రోజూ స్వామి పటానికి హారతి ఇవ్వనిదే కుర్చీలో కూర్చునేవాడు కాదు. తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన రోజు పొద్దున్నే ఆయన రేకుల గదికి వచ్చాడు. వెనక ఒక పనివాడు తెల్ల గుడ్డల మూట మోసుకొచ్చాడు.

“మునెమ్మా, ఈ మాసిన గుడ్డలన్నీ తీసెయ్. తెల్లవి కట్టు. బయట ఉండే పిల్లల్ని గూడా లోపలికి తీసుకో. ఉయ్యాలలు పన్నెండే ఉంటాయి. ఉయ్యాలకు ఇద్దరిని వెయ్యి, సరిపోతుంది.”

“పన్నెండనేది పిల్లకాయలకు సామీ, ఉయ్యాలలకు గాదు.”

“నీకు చేతగాకపోతే చెప్పు, చేసేవాళ్ళు గేటు బయట ఉండారు.”

ఎంత తెలివి చూడండి! ఆ తెలివిలో కాస్తంత ఇంకో ఆయాను పెట్టడానికి వాడి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? మునెమ్మక్క తిట్టుకుంటూనే తెల్ల గుడ్డలు కట్టింది. పని దొరికిందని కొత్త తల్లులు సంబరపడి పిల్లల్ని ఇచ్చేసి షెడ్డులోకి పరిగెత్తారు. కత్తి పట్టుకుని కూర్చున్న నాకు, రేకుల గది నుంచి ఒకటే ఏడుపులు వినిపిస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, వేలితో ఉయ్యాలలు లెక్కపెట్టి, “పన్నెండు, బాగుంది” అన్నాడట. తర్వాత ఇద్దరూ ఆఫీసు గదిలో మామిడి రసం తాగడానికి వెళ్ళారు.

పాలవేళకు మిగతా తల్లులతో పాటు పరిగెత్తుకెళ్ళాను. నా పచ్చ చీర ఎక్కడా లేదు. అన్నీ తెల్లగా ఒకేలా ఊగుతున్నాయి. అందరూ ఏడుస్తున్నారు, నా కొడుకు గొంతు మాత్రం వినపడలేదు. “అక్కా, రవి యాడ?” అని అరిచాను. ఇద్దరు పిల్లల్ని భుజాల మీద వేసుకుని ఉన్న మునెమ్మక్క వాళ్ళను నా చేతుల్లోకి తోసేసి, ఒక్కో ఉయ్యాల విప్పుతూ పోయింది. మూలనున్నదాంట్లో రెండేళ్ళ బరువైన పిల్లవాడు హాయిగా నిద్రపోతున్నాడు. వాడి కింద రవి. ముఖం నల్లబడి ఉంది. ఆమె వాణ్ణి లాగి, బోర్లా తిప్పి, వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. అప్పుడు వాడు దగ్గి, గుక్కపట్టి ఏడ్చాడు. అంత తియ్యని ఏడుపు నేను జన్మలో వినలేదు.

మునెమ్మక్క ఏడవలేదు. తెల్ల గుడ్డలన్నీ పీకి చంకనేసుకుని, “మీమీ బిడ్డల్ని ఎత్తుకోని నా ఎనకాల రాండి” అంది. మేనేజరూ ఇన్‌స్పెక్టరూ ఇంకా ఆఫీసు గదిలోనే ఉన్నారు, దానికి ఒకటే వాకిలి. ఆ గడప మీది నుంచి వరండా మెట్ల దాకా గుడ్డలు పరిచి, పిల్లల్ని వరసగా పడుకోబెట్టించింది. తాను రవిని ఒళ్ళో పెట్టుకుని సరిగ్గా గడప మీద కూర్చుంది.

“ఇన్‌స్పెక్టరు సారూ, ఉయ్యాలలు లెక్కపెట్టినారు గదా. ఇప్పుడు పిల్లకాయల్ని లెక్కపెట్టండి.”

పడుకున్న పసిబిడ్డను దాటకూడదు, దాటితే బిడ్డ ఎదగదు, దాటినవాడికి పాపం అని మా వైపు అందరూ నమ్ముతారు. మేనేజరు గడప దాకా వచ్చి కాలెత్తాడు. “అయ్యో, దాటొద్దు సామీ, నా బిడ్డ!” అని మంగ కేకేసింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

“మునెమ్మా, లేపమ్మా పిల్లల్ని. లారీలు నిలబడిపోయినాయి, పండ్లు కుళ్ళిపోతాయి.”

“దాటుకోని రాండి సామీ, మేమేమన్నా పట్టుకున్నామా?”

స్వామి పటం కింద ఇద్దరు పెద్దమనుషులు అలా ఇరుక్కుపోయారు. షెడ్డులో కోసేవాళ్ళు లేక లారీల్లో పండ్లు ఎండకు రసాలు కారుతున్నాయి. ఇన్‌స్పెక్టరు చచ్చినట్టు పిల్లల్ని లెక్కపెట్టాడు, లెక్క పన్నెండు దాటిపోయేసరికి మేనేజరు వైపు తిరిగాడు. డబ్బాలు పెట్టే గది ఖాళీ చేయిస్తానని, ఇంకో ఆయాను పెడతానని మేనేజరు ఒప్పుకున్నాడు.

“ఎప్పుడు?” అంది మునెమ్మక్క.

“రేపు.”

“అట్లయితే రేపటిదాకా ఈడే పండుకోని ఉంటాం.”

అప్పటికప్పుడు డబ్బాలు బయటికి వచ్చాయి. ఆ రెండో ఆయాను నేనే. “పండ్లు ఎవురన్నా కోస్తారు మే, నువ్వు ఈడికి రా” అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఏడుపు వినడం, చీర ముడి వెయ్యడం, ఎవరికీ భయపడకుండా “చోటు లేదు” అనడం అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత బాలవాడి టీచరునై ఇన్నేళ్ళు చేశానంటే ఆ చలవే.

మరుసటి ఏడు కాయల కాలానికి అందరికీ కబురొచ్చింది, మునెమ్మక్కకు రాలేదు. “వయసైపోయింది” అన్నాడు మేనేజరు. ఒక్క ఏడాదిలోనే! మా పిల్లల గదిలో మాత్రం ఆయన ఫోటో వేలాడుతోంది, పసిపిల్లలకు రెండు గదులు కట్టించిన దాతగా, పూలదండతో సహా. ఆ దండను చూసి నాకు పట్టలేని కోపమొచ్చింది, ఇప్పటికీ వస్తుంది. మేమంతా గేటు దగ్గర పని మానేసి నిలబడితే, మునెమ్మక్కే వచ్చి మమ్మల్ని తిట్టింది.

“నేను పోతే ఒకదాన్ని. మీరు గూడా పోతే ఆ గదులకు తాళం పడతాది. నోర్మూసుకోని లోపలికి పోండి. గదికి పదమూడో బిడ్డను తెచ్చినారంటే కాళ్ళిరగ్గొడతా.”

ఆ తర్వాత పూతలపట్టు కూడలిలో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముకుంది. నా బస్సు ఆగితే కిటికీ దగ్గరికి వచ్చి, బాగుండావా అని కూడా అడగకుండా, “గదికి ఎంతమంది మే?” అనేది. పన్నెండే అంటేనే నా చేతిలో శెనక్కాయలు పెట్టేది. ఒకసారి బస్సు ఆగినప్పుడు ఆమె లేదు. పక్కన పూలమ్మే ఆమె చెప్పింది, పోయిందని. ఆ రోజు చిత్తూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇక మొన్నటి సంగతి. చల్లని ఏసీ గది, గోడల నిండా బొమ్మలు, అందరికీ ఒకే రంగు దుప్పట్లు. పడుకున్న పిల్లలు గది నిండా ఉన్నారు, ఆయా ఒకే ఒక్క అమ్మాయి. మూల నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. “ఆ ఏడుస్తున్నదెవరమ్మా?” అని అడిగాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, “తెలీదు ఆంటీ” అంది. పాపం ఆ పిల్ల తప్పేముంది? ఇంతలో ప్లేస్కూలు నడిపే మేడం నవ్వుతూ వచ్చి, “మా దగ్గర అన్నీ రూల్ ప్రకారమేనండీ” అంది.

నేను చెప్పులు విడిచాను. మనవరాలిని ఒళ్ళో వేసుకుని, మోకాళ్ళు కలుక్కుమంటున్నా, మెల్లగా ఆ గుమ్మంలో చతికిలబడ్డాను. బయట తల్లులు ఒక్కరొక్కరే వచ్చి నిలబడుతున్నారు.

“అయ్యో, గడప మీద కూర్చోకూడదమ్మా, లేవండి” అంది మేడం.

“తెలుసమ్మా. ఇంకో ఆయాను పెట్టండి, లేస్తాను.”