ఎడమ పక్క మూట

మోటారు సైకిలు నడపడం నాకు వచ్చనే అనుకుంటూ ఏడేళ్లు తిరిగాను. రాదని ఒక ఆదివారం పొద్దున, బియ్యం మిల్లు కళ్లంలో, పదిమంది ముందు తెలిసింది.

అసలు ఆ కళ్లం దాకా వెళ్లడానికి కారణం మా అమ్మ. రాజమండ్రికి కాస్త దూరంలో మాకు చిన్న బట్టల కొట్టు ఉండేది. నాన్న పోయాక అమ్మే చూసుకునేది. కొట్లో బేరం అంతంతమాత్రం. వారానికి రెండు రోజులు సామర్లకోట కాలువ వెంబడి ఊళ్లలో జరిగే సంతలకి వెళ్లి చీరలూ, లుంగీలూ, తువ్వాళ్లూ అమ్మితేనే మాకు గడిచేది. ఎర్ర ట్యాంకు మోటారు సైకిలు కొన్నది అందుకే. ముందు నేను. నా వెనక అమ్మ, కాళ్లు రెండూ ఎడమ వైపుకి పెట్టుకుని. ఆమె కాళ్ల వెనకగా, ఎడమ పక్కనే ఉన్న కొక్కేనికి బట్టల మూట. నేను ఒంటరిగా బండి తీసింది తక్కువ, తీసినా బజారు దాకా నెమ్మదిగా వెళ్లి రావడమే.

ఒకరోజు సంత ముగిశాక నేను టీ తాగడానికి వెళ్లాను. అమ్మ మూట కట్టి బండికి తగిలించి ఉంచింది. బయల్దేరగానే హ్యాండిలు ఏదో తేడాగా అనిపించింది. టైరులో గాలి తగ్గిందేమో, ఊళ్లోకి వెళ్లాక కొట్టిద్దాం అనుకున్నాను. కాలువ గట్టు మీద కుడివైపు మలుపు వచ్చింది. ఎప్పుడూ తిరిగినట్టే తిరిగాను. బండి అలాగే ఒరిగిపోయి చేలో పడ్డాం. ఎడమ పక్కకి పడి ఉంటే కాలువలోకే. అమ్మ మోచేతి చర్మం లేచింది, మోకాలు వాచింది. నాకు చొక్కా కూడా చిరగలేదు. అది ఇంకా సిగ్గు.

వాపు తగ్గాక అమ్మ సంతకి బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది.

"బస్సే బాగుందిరా. ఎక్కి కూర్చుంటే చాలు, అదే తీసుకెళ్తుంది" అనేది.

కూర్చోవడం ఎక్కడిది! రెండు బస్సులు మారాలి. మూట కాళ్ల దగ్గర పెట్టుకుని కడ్డీ పట్టుకుని నిలబడాలి. పోనీ మూటయినా బండి మీద నేను తెస్తానంటే, "నువ్వు కొట్టు చూసుకో" అనేది. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, మాట్లాడకుండా మోకాలికి కొబ్బరి నూనె రాసుకునేది. నేను కోపిష్టిని. ఒకటి అంటే పది అనే రకం. తిడితే తిరిగి నాలుగు అనేసి తేలికపడేవాణ్ణి. ఒక్క మాటా అనని మనిషితో ఏం పోట్లాడను? నా చేతి మీద ఆమెకి నమ్మకం పోయిందని తేల్చుకున్నాను. మూడు నెలలు ఆ మాట నాకు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.

ఆ వేసవిలో, పోలవరం వైపు నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడిన ఒక మిలటరీ ఆయన, మోటారు సైకిళ్లు ఉన్నవాళ్లకి ఒక రోజు ట్రాకు మీద తర్ఫీదు ఇస్తానన్నాడు. సైన్యంలో ఆయన పని మోటారు సైకిలు మీద కబుర్లు మోయడమట. కొత్తగా పెద్ద బండి కొన్న మిల్లు యజమాని తన సిమెంటు కళ్లం ఇస్తానన్నారు. ఉడకబెట్టిన ధాన్యం ఎండబోసే కళ్లం అది. ఈ చివర నిలబడితే ఆ చివర మనిషిని గుర్తుపట్టలేం. నేర్చుకుని వచ్చి అమ్మతో "ఇక ఎక్కు" అనాలని నేనూ పేరిచ్చాను. ఎక్కడికి వెళ్తున్నానో మాత్రం చెప్పలేదు.

వెళ్లేసరికి కళ్లం మీద సున్నంతో వంకర్లు తిప్పుతూ ట్రాకు గీసి ఉంది. మలుపుల దగ్గర ఊక బస్తాలు పేర్చారు. పదకొండు బండ్లు వచ్చాయి. మిలటరీ ఆయన విజిల్ వేశాడు.

మొదటి రౌండు చూసి తీరాలి. మిల్లు యజమాని అందరికంటే పెద్దవారు కాబట్టి ముందు ఆయన బయల్దేరారు. వెనక పదిమందిమీ ఒక్కరం కూడా ఆయన్ని దాటలేదు. ఆయన వెనక నూనె కొట్టాయన, ఆయన వెనక మేము, వరసగా. ప్రతి మలుపులో పదకొండు హారన్లు. మిల్లు గోడ మీద పావురాలన్నీ లేచిపోయాయి.

మిలటరీ ఆయన ట్రాకుకి అడ్డం వచ్చి నిలబడ్డాడు. "ఏంటండీ ఇది? ట్రాకా, పెళ్లి ఊరేగింపా? ఎదురుగా ఎవరొస్తున్నారని ఆ హారను?"

"అలవాటండి" అన్నాడు నూనె కొట్టాయన.

"మరి దాటరేం?"

"పెద్దాయన కదండీ. ఎలా దాటేస్తాం?"

"ఆయ్, దాటండి బాబూ, నేనేం అనుకోను" అన్నారు మిల్లు యజమాని, చెమట తుడుచుకుంటూ. రెండో రౌండులో దాటారు. దాటే ప్రతివాడూ కాస్త నెమ్మదించి, "ఏమనుకోకండేం" అని ఆయనకి చెప్పి మరీ దాటాడు. మిలటరీ ఆయన నెత్తి కొట్టుకున్నాడు. యుద్ధంలో కూడా ఇంత కష్టపడి ఉండడు.

తర్వాత ఒక్కొక్కర్నే పంపాడు. నా వంతు వచ్చింది. జీవితంలో మొదటిసారి ఎదుట గేదె గానీ, ఎడ్ల బండి గానీ, గుంట గానీ లేని నేల. గేర్లు మార్చుకుంటూ వేగం పెంచాను. మొదటి కుడి మలుపు వచ్చింది. ఎప్పుడూ తిరిగినట్టే తిరిగాను. మరుక్షణం ఊక బస్తాల్లో ఉన్నాను. నోట్లో ఊక, జుట్టులో ఊక. అందరూ నవ్వారు. నాకు మండింది. లేచి మళ్లీ వెళ్లాను. అదే మలుపులో, అవే బస్తాల్లో, మళ్లీ పడ్డాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, అది ఇంకా బాధ.

మిలటరీ ఆయన నన్ను లేపలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ పక్క అరిగిపోయి మెరుస్తున్న కొక్కెం చూశాడు.

"రోజూ వెనక ఎవర్ని ఎక్కించుకుంటావు అబ్బాయ్?"

"మా అమ్మనండి. ఎడమ పక్కకి కూర్చుంటుంది. ఇక్కడ బట్టల మూట."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడేళ్లండి."

"అదీ సంగతి. ఎడమ పక్క అంత బరువు ఉంటే, బండి నిలబడాలని నువ్వు ఎప్పుడూ కుడి పక్కకి ఒరిగి ఉంటావు. నీకు తెలీదు, నీ ఒంటికి అలవాటైపోయింది. ఇప్పుడు ఆవిడా లేరు, మూటా లేదు. నువ్వు మాత్రం ఇంకా ఒరుగుతూనే ఉన్నావు. పడకేం చేస్తావు?"

మధ్యాహ్నం దాకా నన్ను ఒక్క కుడి మలుపులోనే తిప్పాడు. తిన్నగా కూర్చోవడం ఏడేళ్ల తర్వాత మళ్లీ నేర్చుకున్నాను. మొదట్లో తిన్నగా కూర్చుంటే ఎడమకి పడిపోతానేమో అనిపించేది. పదో రౌండుకో ఎన్నో రౌండుకో బండి తనంతట తను మలుపు తిరిగినట్టు తిరిగింది. సంతోషం ఆగలేదు. గట్టిగా అరిచాను కూడా. ఇంకో నాలుగు రౌండ్లు ఊరికే, ఆ సుఖం కోసం తిరిగాను.

అప్పుడు తట్టింది నాకు. గట్టు మీద పడ్డ రోజు అమ్మ వెనకే ఉంది. మూటా ఉంది. మరి ఎందుకు పడ్డాం?

బండి ఆపేసి ఇంటికొచ్చేశాను.

అమ్మ కొట్లో కూర్చుని, ఎవరో విప్పించి కొనకుండా వెళ్లిన చీరలు మడత పెడుతోంది. నా నెత్తి మీద ఊక చూసి, "మిల్లులో పని కుదిరిందేంట్రా?" అంది.

"అమ్మా, మనం పడ్డ రోజు మూట ఎటు కట్టావు?"

చేతిలో చీర మడత ఆగింది.

"కుడి పక్క" అంది. "మన అరుగు మీద కుట్టే టైలరు లేడూ, నీ చొక్కా కొలత తీస్తూ, అబ్బాయిగారి కుడి భుజం అర అంగుళం దిగిపోయిందండి అన్నాడు. నన్నూ మూటనీ మొయ్యలేక నువ్వు అలా ఒరిగిపోతున్నావనిపించింది. మూట అటు కడితే నీకు సుఖంగా ఉంటుంది కదా అని..."

ఆ రోజు బండి ఎన్నడూ లేనంత సమంగా ఉంది. అందుకే పడ్డాం. నేను ఎక్కేటప్పుడు అమ్మ బండికి అడ్డంగా నిలబడి ఉంది, పడ్డాక మూట చేలోకి ఎగిరిపోయింది కాబట్టి ఎటు కట్టిందో నేను చూడనేలేదు.

"మరి మూడు నెలలు చెప్పలేదేం? నేను నడపడం చేతకానివాణ్ణని నువ్వు బస్సెక్కుతున్నావనుకున్నాను."

"నువ్వు చేతకానివాడివేంట్రా!" నిజంగానే ఆశ్చర్యపోయింది అమ్మ. "నీకు మంచి చేద్దామని పడేశాను. ఇంకోసారి ఎక్కితే ఇంకేం చేస్తానో అని భయమేసింది. నేను వెనక లేకపోతే నువ్వు పడవు కదా."

నాకు ఏడుపొచ్చింది. ఊక కళ్లలో పడిందన్నాను. అమ్మ చెంగు తడిపి తుడిచింది, నమ్మినట్టే.

మంగళవారం సంత. పొద్దున్నే అమ్మ మూట పట్టుకుని బండి దగ్గర నిలబడింది. బస్సు వేళ దాటిపోయింది. "ఎటు కట్టమంటావు?" అంది. మూట తీసుకుని ట్యాంకు మీద, నా ముందు, సరిగ్గా నడిమధ్య కట్టాను. అమ్మ ఎక్కింది. ఎప్పట్లాగే ఎడమ పక్కకే కూర్చుంది, కానీ నా రెండు భుజాలూ పట్టుకుంది.

గట్టు మీదకి వచ్చాం. మలుపు ఇంకా దూరంగా ఉండగానే హారను కొట్టాను. మిలటరీ ఆయన వింటే తిట్టేవాడే. ఎదురుగా ఎవరూ లేరు మరి. వెనకున్న అమ్మకి, ఇప్పుడు తిరుగుతున్నాం అని చెప్పడానికి కొట్టాను. ఇద్దరం కలిసి ఒరిగాం, కలిసి లేచాం. మేం పడ్డ చోట చేను అప్పటికి కోతయిపోయి ఉత్త మోళ్లతో ఉంది.

రెండో మలుపు దగ్గర మళ్లీ హారను కొట్టాను. మూడో మలుపు దగ్గర కొట్టబోతుంటే అమ్మ నా భుజం మీద తట్టింది.

"చెవులు పోతున్నాయిరా. తెలుస్తోందిలే, నడుపు."