పడగ్గదిలో సూపర్‌వైజరు

మా ఆయన ఎవర్నీ ఓ పట్టాన నమ్మడు. తలుపుకి తాళం వేసి నాలుగడుగులు వేశాక, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. "ఇవాళ భలే ఉన్నారండీ" అని నేనంటే, "ఏం, ఏం కావాలి?" అంటాడు. పెళ్ళైన కొత్తలో ఈ అనుమానమంతా నా మీదేనేమోనని కుమిలిపోయేదాన్ని. పోనుపోను అర్థమైంది, అది నా మీద కాదు, ఆయన చేసే పనిలోంచి వచ్చిన అలవాటని.

ఆయన రాత్రి బస్సు డ్రైవరు. వెనకాల సీట్లలో అందరూ నోళ్ళు తెరుచుకుని నిద్రపోతుంటే, ముందు ఒక్కడే కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చునే పని. ఎదురుగా బోర్డు మీద చిన్న దీపం వెలిగిందా, బండిలో ఏదో తేడా వచ్చినట్టే. ఎక్కడైనా సుయ్‌మని వినిపించిందా, గాలి కారుతున్నట్టే. బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయట, ఆ గాలి పోతే ఇక అంతే సంగతులు. అందుకే ఆ చప్పుడు చెవిన పడితే మా ఆయన ఎంత మొద్దు నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. పగలు ఆయన పడుకున్నప్పుడు నేను కుక్కరు పెట్టడం ఏనాడో మానేశాను.

సరిగ్గా అలాంటి మనిషి తలగడ పక్కన, దీపాలు వెలిగే మెషీను, అదీ సుయ్‌మనే మెషీను తెచ్చి పెట్టారండీ!

ఏం జరిగిందంటే, కంపెనీ వాళ్ళు డ్రైవర్లందరికీ వైద్య పరీక్షలు పెట్టారు. ఈయన డాక్టరు గది బయట కుర్చీలో కూర్చుని గుర్రుపెట్టి నిద్రపోయాడు. పేరు పెట్టి పిలిచినా లేవలేదు, కాంపౌండరు వచ్చి భుజం కుదిపితే లేచాడు. "గురక పెడతావా?" అని డాక్టరడిగితే, "అబ్బే, లేదండీ" అన్నాడట, సిగ్గు లేకుండా. గురక సంగతి మా వీధంతా చెప్తుంది. అక్కణ్ణించి నిద్ర క్లినిక్కుకి పంపారు. అక్కడ తేలిందేమిటంటే, నిద్రలో ఈయన గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా ఒళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది, ఈయనకి మాత్రం తెలియదు. అంటే పగలంతా పడుకున్నా అది నిద్ర కిందికి రాదు. మూతికి మాస్కు తగిలించుకుంటే గొంతు మూసుకుపోకుండా గాలి పంపే మెషీను ఒకటిచ్చారు. నెల రోజులు వాడాలి, మెషీను ఇచ్చే రిపోర్టు బాగుంటే రాత్రి బస్సు ఆయనదే, లేదంటే షెడ్డులో బస్సులు కడగాలి.

"స్టీరింగు లేకపోతే ఈ చేతుల్ని నేనేం చేసుకోవాలే?" అన్నాడు ఆ రోజు ఇంటికొచ్చి, రెండు చేతులూ చూపించి.  ఆ చేతుల్లో మంచినీళ్ళ గ్లాసు పెట్టి, "తిన్నగా మాస్కు పెట్టుకుని పడుకోండి మరి" అని కసిరాను.

పగటి నిద్ర కోసం మా పడగ్గది కిటికీలకి దళసరి తెరలు కుట్టించాం. ఆ చీకట్లో మెషీను మీది నీలం అద్దం వెలుగుతుంటే గదంతా ఆసుపత్రి వార్డులా ఉండేది. దాని పక్కన ఓ మూల బఠాణీ గింజంత పచ్చదీపం, వెలుగుతూ ఆరుతూ. మా ఆయన కళ్ళు దాని మీదే.

"అది ఎందుకు కన్ను కొడుతోందో తెలుసా? మన సంగతులన్నీ కంపెనీకి చేరవేస్తోంది. ఇది మెషీను కాదే, సూపర్‌వైజరు. తెచ్చి పడగ్గదిలో పెట్టారు" అన్నాడు.

"మనకి చేరవేసేంత సంగతులేమున్నాయి మహానుభావా?" అన్నాను. వింటేగా! పచ్చదీపం మీద కరెంటు టేపు అతికించాడు. నీలం అద్దాన్ని గోడవైపు తిప్పాడు, అప్పుడు గోడంతా నీలమైంది. దాని మీద తువ్వాలు కప్పాడు, గాలి ఆడక అది వేడెక్కి ఇంకా గట్టిగా రొదపెట్టింది. చెక్క బీరువాలో పెట్టి గొట్టం బయటికి లాగితే బీరువా మొత్తం జుయ్యిమంది. గాలికి తేమ కోసం డబ్బాలో పోసే నీళ్ళు గొట్టంలో చేరి గుడగుడమంటుంటే, "ఎవరో హుక్కా తాగుతున్నట్టుందే" అని లేచి కూర్చునేవాడు. అన్నిటికంటే దారుణం మాస్కు అంచున కారే గాలి. సుయ్‌మనగానే నిద్రలోనే కుడికాలు చాచి మంచం కోడుని బ్రేకు తొక్కినట్టు తొక్కేవాడు. ఓ రోజు నా పిక్క తొక్కాడు. నాకు ఒళ్ళు మండిపోయి, "క్లినిక్కులో ఆ మెషీన్ల అమ్మాయికి ఫోను చేసి అడగండి!" అని అరిచాను.

"ఆ అమ్మాయి మాత్రం ఎవరి మనిషనుకున్నావు?" అన్నాడు. నేను తల పట్టుకున్నాను.

నాలుగైదు రోజులు ఇంత రభస చేసినవాడు ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. "అలవాటైపోయిందే, హాయిగా నిద్రపడుతోంది" అన్నాడు. అంతటితో ఆగాడా, "రాత్రిళ్ళు నువ్వు పడుకునేటప్పుడు ఈ దరిద్రం నీ కళ్ళ ముందెందుకు" అని డ్యూటీకి వెళ్ళేముందు మెషీనుని తీసుకెళ్ళి హాల్లో పెట్టడం మొదలెట్టాడు. నా మీద అంత ప్రేమ కారిపోతుంటే నాకు అనుమానం రాదూ? అనుమానం ఆయన సొత్తేం కాదు, కాపురం చేస్తే పెళ్ళానికీ అంటుకుంటుంది.

మొదట గురక పట్టించింది. మాస్కు పెట్టుకుంటే గురక ఉండదని మెషీన్ల అమ్మాయి చెప్పింది. మరి మధ్యాహ్నం మూసిన తలుపు వెనకాల గోడలదిరేలా వినిపిస్తున్నదేమిటి? ఆ మర్నాడు పొద్దున ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు, నేను వెళ్ళి మెషీను చూశాను. ముందు రోజు సాయంత్రం నేను నిండా పోసిన నీళ్ళ డబ్బా అడుగంటిపోయి ఉంది. మాస్కు లోపల చెమ్మ. మా ఆయన గుమ్మడికాయ తలకి సరిపోవాల్సిన పట్టీ, సగానికి సగం బిగించి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున రంగుల వాసన. మొగుడు ఇంట్లో లేనప్పుడు ఈ మెషీను ఎవడి ముక్కుకి గాలి కొడుతోందిరా దేవుడా అనుకున్నాను.

హాల్లోనే పడుకునేది మా తమ్ముడు. పుల్లలా ఉంటాడని అందరూ వాణ్ణి బక్కోడనే పిలుస్తారు. పెద్ద పెద్ద భవనాలకి బయటి గోడల రంగులు వేస్తాడు, తాళ్ళకి వేలాడే పలక మీద కూర్చుని. మా ఇంట్లోనే ఉండి పనికి వెళ్తుంటాడు. వంటింట్లో టీ తాగుతున్నవాణ్ణి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. రెండు బుగ్గల మీదా పట్టీ అచ్చులు!

"బావే పెట్టుకోమన్నాడక్కా. నాకు ఆ గాలీ దీపమూ ఏమీ అడ్డురావు, తల వాలిస్తే నిద్రే కదా. నెల రోజులేగా అన్నాడు" అన్నాడు వాడు నసుగుతూ.

"ఇద్దరికీ బుద్ధుందా?" అని ఆ వంటిల్లు ఎగిరిపోయేలా అరిచాను. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "రేపే క్లినిక్కు. బక్కోడికి ఏ జబ్బూ లేదు కాబట్టి రిపోర్టు శుభ్రంగా వస్తుంది. అది చేతికి రానీ, తర్వాత నేనే పెట్టుకుంటాను, ఒట్టు" అన్నాడు. ఆ చేతుల వంక చూశాను. తిట్టాల్సింది ఇంకా చాలా ఉన్నా మింగేశాను.

మర్నాడు ఇద్దరం క్లినిక్కుకి వెళ్ళాం. మెషీన్ల అమ్మాయి చిన్నపిల్ల, నవ్వుతూ మాట్లాడుతుంది. టేపు అతికించిన మెషీను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఈ దీపాలు ఆర్పేసుకోవచ్చండీ, ఇక్కడ నొక్కితే చాలు. మెషీను మంచం కంటే కిందకి పెడితే గొట్టంలో నీళ్ళు చేరవు. గాలి కారుతోందంటే మీది కాని సైజు మాస్కు ఇచ్చినట్టున్నాం. ఒక్క ఫోను చేయాల్సింది కదా!" అంది. నేను మా ఆయన వంక ఒక చూపు చూశాను. ఆయన గోడమీది ఫ్యాను వంక చూశాడు.

తర్వాత ఆ అమ్మాయి రిపోర్టు తెరిచింది. నవ్వు పోయింది. కిందికీ పైకీ జరిపి చూసింది.

"మీది రాత్రి డ్యూటీ కదండీ? ఇందులో మొదటి నాలుగైదు రోజులు తప్ప రోజూ రాత్రిళ్ళే వాడినట్టుంది" అంది.

దొరికిపోయాం. పచ్చదీపాన్ని అనుమానించాడు, నీలం అద్దాన్ని అనుమానించాడు, చివరికి ఆ అమ్మాయిని కూడా అనుమానించాడు. మెషీనుకి గడియారం ఉంటుందన్న సంగతి మాత్రం ఈ మహా మేధావికి తట్టలేదు!

ఆ అమ్మాయే మళ్ళీ అంది: "టైము ఒక్కటే కాదండీ, ఊపిరి లెక్క కూడా తలకిందులుగా ఉంది. గాలి పెడుతున్నా ఇంతింత సేపు ఆగుతోందా? మొదటి పరీక్షలో మీకు ఇంత లేదు. మెషీనే పాడైనట్టుంది. ఈ రిపోర్టు కొట్టేసి వేరే మెషీను ఇస్తాను, నెల మళ్ళీ మొదట్నించీ మొదలవుతుంది. ఆ నెల పూర్తయ్యేదాకా మీ డ్యూటీ ఎవరూ కదపరు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మెషీనుదే తప్పని ఈయన మొదట్లోనే మొత్తుకున్నాడు, ఇప్పుడు వాళ్ళే ఒప్పుకుంటున్నారు. ఊఁ అంటే చాలు, బస్సు నిలుస్తుంది. బల్ల కింద ఆయన మోకాలు తట్టాను. ఆయన ఊఁ అనలేదు.

"మెషీను పాడవకపోతే?" అన్నాడు.

"పాడవకపోవడమేంటండీ?"

"ఒకవేళ ఇది నిజమే అయితే, ఈ ఊపిరి గల మనిషి సంగతేంటి?"

"నిజమైతే చాలా కష్టమండీ. పగలు ఉన్నచోటే కునుకు పట్టేస్తుంది, పట్టినట్టు తెలియను కూడా తెలియదు. బండి నడపకూడదు, ఎత్తులెక్కకూడదు" అంది ఆ అమ్మాయి.

ఎత్తులనగానే తాళ్ళకి వేలాడే తమ్ముడి పలక గుర్తొచ్చింది. జబ్బు లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందనుకున్నాం. ఆ పుల్లలాంటి వాడి గొంతులో ఏముందో ఎవరం చూశాం? మా ఆయన లేచి నిలబడ్డాడు. మెషీను మీదున్న టేపుని గోరుతో ఊడబెరికాడు.

"మెషీను బంగారంలా ఉందమ్మా. ఊపిరే నాది కాదు, మా బామ్మర్దిది. ఏం రాసుకుంటావో రాసుకో" అన్నాడు.

ఆ అమ్మాయి ఏదో అనేలోపే మెట్లు దిగేశాడు. దారిపొడుగునా నేను తమ్ముడికి ఫోను చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడుస్తున్నాడు. షెడ్డు గురించి గానీ బస్సు గురించి గానీ ఏమీ అనలేదు.

వాడు రంగులేస్తున్న భవనం దగ్గర మేస్త్రి ఎదురొచ్చి పైకి చూపించాడు. "అదిగో, అక్కడున్నాడు. ఇవాళ భలే శ్రద్ధగా చేస్తున్నాడండీ, చాలాసేపటి నుంచీ ఆ ఒక్కచోటే" అన్నాడు.

పైన, పావురాలు వాలే ఎత్తులో, పలక మీద మా తమ్ముడు. రంగు రోలరు వాడి చేతిలో లేదు, తాడుకి వేలాడుతోంది. తల గోడకి ఆనించి ఉంది. నేను వాణ్ణి పిలవబోయాను. మా ఆయన చెయ్యి నా నోటికి గట్టిగా అడ్డం పడింది.

"అరవకు. ఉలిక్కిపడి లేచినవాడికి తానెక్కడున్నాడో తెలియదు. చేతికి ఏది దొరికితే అది లాగుతాడు. నాకు తెలుసు" అన్నాడు.

ఎలా తెలుసని నేను అడగలేదు. వెనక సీట్లలో నోళ్ళు తెరుచుకుని నిద్రపోయే వాళ్ళంతా నా కళ్ళ ముందు కనిపించారు.

మేస్త్రి మేడమీదికి మనిషిని పంపాడు. తాళ్ళు కొంచెం కొంచెంగా వదిలారు. మా ఆయన కింద చేతులు రెండూ చాచి నిలబడ్డాడు, ఎక్కడైనా జారితే పట్టుకుందామన్నట్టు. పలక ఒక్కో కిటికీ దాటుతూ దిగింది. నోరు తెరుచుకుని, బుగ్గ మీద రంగు చుక్కతో, చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకున్నట్టే పడుకుని ఉన్నాడు వాడు. కాళ్ళు నేలకి తగిలాక కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, తర్వాత వాళ్ళ బావని చూసి నవ్వాడు.

"బావా, రిపోర్టు బాగొచ్చిందా?" అన్నాడు.

మా ఆయన వంగి, వాడి నడుముకున్న బెల్టు విప్పబోయాడు. స్టీరింగు తిప్పే ఆ చేతులకి పట్టు దొరకడం లేదు. చివరికి నేనే విప్పాను.