జానీమియా ఎడమ చెయ్యి

కోరుట్లలో ఓ ప్రైవేటు బడిలో నాహీద్ సంగీతం టీచరు. లెక్కల సారుకు సిలబస్ మిగిలిపోతే ఆమె పీరియడే కావాలి, సైన్సు టీచరుకు స్లిప్ టెస్టు పెట్టబుద్ధయినా ఆమె పీరియడే కావాలి. సంగీతమంటే అంత అలుసు మరి! అయినా ఆమె గట్టిది. దక్కిన పీరియడ్లలోనే పిల్లలకు సరిగమలు నేర్పింది, త్యాగరాజు ఎవరో బీథోవెన్ ఎవరో కథలుగా చెప్పింది, బడికున్న ఒక్కగానొక్క కీబోర్డు మీద క్లాసు క్లాసంతటి వేళ్ళూ నడిపించింది.

ఆమె తండ్రి జానీమియా పేరు చెబితే బీర్పూర్, సారంగాపూర్ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ లేచి కూర్చుంటారు. భజన మండళ్ళకూ, దర్గా ఉర్సుల్లో ఖవ్వాలీలకూ హార్మోనియం ఆయనదే. ఆయన దగ్గర నేర్చుకున్న మగపిల్లలు ఊరూరా ఉన్నారు. కన్నబిడ్డకు మాత్రం పెట్టె మీద ఒక్క మెట్టు చూపించలేదు. ఆడపిల్ల ఏ మండలి వెంట తిరుగుతుంది, దానికి పెట్టెతో పనేమిటి అన్నాడు. నాహీద్ తలుపు చాటు నుంచి విన్నదంతా విని, పెద్దయ్యాక పంతం పట్టి కరీంనగర్ బస్సెక్కి కీబోర్డు నేర్చుకుని వచ్చింది. తండ్రి మీద ఆ కోపం ఇంకా పోలేదు. ఎట్లా పోతుంది?

రెండేళ్ళ కింద జానీమియాకు పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది, మాట నిలబడింది, ఎడమ చెయ్యి మాత్రం చచ్చుబడిపోయింది. హార్మోనియానికి కుడిచెయ్యి మెట్ల మీద ఆడుతుంటే ఎడమ చెయ్యి వెనక తిత్తితో గాలి కొడుతుండాలి. గాలి లేకపోతే అది ఉత్త చెక్కపెట్టె. కళ్ళ ముందుంటే బాధపడతాడని నాహీద్, ఆమె తల్లి గుల్షన్ బీ కలిసి దానికి దుప్పటి చుట్టి సజ్జ మీదికి ఎక్కించారు. ఆ రోజు నుంచి ఆయన నోరు మూతపడింది. చాయ్ ఇస్తే తాగుతాడు, ఇవ్వకుంటే అడగడు. ఇట్లాగే లోపల్లోపల ఆరిపోతాడేమోనని నాహీద్‌కు గుబులు పట్టుకుంది. నాన్న మళ్ళీ వాయిస్తే చాలు, ఇంకేమీ వద్దు అనుకునేది.

ఒకసారి బడి కీబోర్డు తెచ్చి ముందు పెట్టింది. "దీనికి గాలి అక్కర్లేదు అబ్బా, ఒక్క చెయ్యి చాలు" అంది తండ్రితో. ఆయన ఒక మెట్టు నొక్కాడు. వేలు వెనక్కి తీసుకున్నాడు.

"దీనికి ఊపిరి లేదు. తీసెయ్" అన్నాడు. అంతే.

ఏడో తరగతికి మెట్ల వాయిద్యాల పాఠం వచ్చింది. పియానో అయింది, చర్చిలో వాయించే ఆర్గాన్ దగ్గరికి వచ్చింది. బాఖ్ అనే జర్మనీ స్వరకర్త గురించి చెబుతూ, "ఆయన ముందు కూర్చొని వాయిస్తుంటే వెనకాల వేరే మనుషులు తిత్తులు తొక్కేటోళ్ళు. వాళ్ళు ఆగితే పాట ఆగుతుండె" అంది నాహీద్.

సహస్ర అనే పిల్ల లేచింది. "మరి గా పాట ఎవలది టీచర్? వాయించినాయనదా, గాలి కొట్టినోళ్ళదా?"

నాహీద్‌కు సజ్జ మీది పెట్టె గుర్తొచ్చింది. మండళ్ళలో ఒక కట్టుబాటుంది. శిష్యుడు పెట్టె మోయొచ్చు, తుడవొచ్చు, గురువు వాయిస్తుంటే తిత్తి మాత్రం ముట్టరాదు. వాయించేవాడి ఊపిరి వాయించేవాడిదే. అందుకే ఇంటినిండా చేతులుండి కూడా ఒక్క చేతి కోసం రెండేళ్ళు ఏడ్చారు. ఛీ, ఇంత మొద్దునా నేను అనుకుంది.

సూటిగా అడిగితే ఒప్పుకోడు. అందుకని, "పిల్లలకు పెట్టె లోపల ఏముంటదో చూపియ్యాలె అబ్బా. నాకు తెల్వది, నువ్వే అచ్చి చెప్పాలె" అంది. సజ్జ మీది నుంచి పెట్టె దించుతుంటే ఆయన కళ్ళప్పగించి చూశాడు.

"నేను పోయినంక దించుతరనుకున్న" అన్నాడు.

క్లాసులో జానీమియా పెట్టె మూత తీసి గాలికి మోగే ఇత్తడి రీడ్లు చూపించాడు. పిల్లలు మీద పడి చూస్తుంటే కాసేపటికి మాటలొచ్చాయి. "మోగిపియ్యి తాతా!" అన్నారు పిల్లలు. ఆయన మొహం వాడిపోయింది.

"సహస్రా, నువ్వు అటు దిక్కు కూసోని గాలి కొట్టు" అంది నాహీద్ గబగబా.

జానీమియా వద్దనేలోపే ఆ పిల్ల తిత్తి పట్టుకుని ఎడాపెడా కొట్టేసింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషే గానీ ఆయనకు కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది, మండళ్ళలో అబ్బిన కోపం మరి. "అగో! సైకిల్‌కు గాలి కొడ్తున్నవా ఏంది? అది ఊపిరి పిల్లా, ఊపిరి! జరుగు, నీతోని గాదు" అని కసిరాడు. పిల్లలు ఘొల్లున నవ్వారు. రెండేళ్ళ తర్వాత తండ్రి తిట్టు విని నాహీద్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆయన చుట్టూ చూసి, "నువ్వు రా" అన్నాడు కూతురితో.

నాహీద్ ఎదురుగా కూర్చుంది. తిత్తి పట్టుకుని గాలి కొట్టింది.

"భుజమెందుకు లేపుతున్నవ్? మణికట్టుతోని కొట్టు. గిట్ల ఎవలు నేర్పిండ్లు నీకు?"

"ఎవలూ నేర్పలే అబ్బా."

జానీమియా పెట్టెను ఆమె వైపు కాస్త జరిపాడు. తర్వాత కుడిచేతి వేలు షడ్జం మీద, సరిగమల్లో మొదటి 'స' మీద పెట్టాడు. "ఊపిరి తీస్కో. ఇడిశిపెట్టు. గట్లనే కొట్టు."

పెట్టె సన్నగా పలికింది. "మళ్ళ" అన్నాడు. ఆ పీరియడంతా ఆయన వేలు షడ్జం దాటలేదు. పాట ఎప్పుడొస్తుందా అని పిల్లలు ఎదురుచూశారు. నాహీద్ ఎదురుచూడలేదు. ఏ మగపిల్లవాడు నేర్చుకోవడానికి వచ్చినా మొదటి రోజు ఆయన షడ్జం దాటనిచ్చేవాడు కాదు, అది ఆమెకు తెలుసు. కళ్ళు నిండి మెట్లు అలుక్కుపోయాయి. ఖాళీగా ఉన్న చేత్తో తుడుచుకోబోయింది.

"ఏడుసుడు తర్వాత ఏడుద్దువు గని, ముందుగాల ఊపిరి చూడు" అని గదమాయించాడు జానీమియా.

నాహీద్ ముక్కు ఎగబీల్చి, మళ్ళీ గాలి కొట్టింది.