మట్టిరంగు పూసిన గోడలు

రియాద్ నుంచి అల్ ఖర్జ్ వెళ్ళే దారిలో, పాడి ఆవుల ఫారాలు దాటాక, మేమొక పురాతన కోటను కొత్తగా కట్టాం. పెళ్ళి విందులకు అద్దెకివ్వడానికి మా కంపెనీ సౌదీ యజమాని కట్టించుకున్న కోట అది. నేను సైటు సూపర్‌వైజర్ని. కాంక్రీటు స్తంభాలు, మధ్యలో సిమెంటు ఇటుక, దానిమీద థర్మకోల్ పలకలు, వాటిమీద మట్టిరంగు పూత. పూత ఆరకముందే గుప్పెళ్ళతో గడ్డిపరకలు విసిరేవాళ్ళు. ఆ గడ్డి పక్క ఫారంలో ఆవులు తినగా మిగిలింది. ఆవులు వద్దన్నది వారసత్వానికి పనికొచ్చింది.

దీన్ని గీసినవాడు మా డిజైన్ మేనేజర్. గుంటూరు వైపు మనిషి, విదేశంలో చదివొచ్చాడు. ఒకరోజు పూతలో పగుళ్ళు చూపించబోతే, ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "క్రాక్స్ ఉంటేనే అథెంటిక్‌గా ఉంటుందండీ. ఇక్కడ హెరిటేజ్ ఎవరిక్కావాలి, హెరిటేజ్ లుక్ ఉంటే చాలు," అన్నాడు. నేను నవ్వాను. ఆయన మాటలకు నవ్వడం నా ఉద్యోగంలో ఒక పని.

నాకు మాత్రం మట్టిమీద గౌరవం ఉందా? జగిత్యాల దగ్గర మా మట్టి ఇంటిని సెలవు పెట్టి వెళ్ళి మరీ కూలగొట్టించి, స్లాబు పోయించి, ఆకుపచ్చ రంగు వేయించిన ఘనుణ్ణి. ఎండాకాలం ఆ స్లాబు కింద మనిషన్నవాడు పడుకోలేడు.

ఆ రోజుల్లో పూత పనివాళ్ళలోకి ఒక యెమెన్ మనిషి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. అందరం హాజీ అనేవాళ్ళం. ఇక్కడ ఉండటానికి అనుమతినిచ్చే ఇఖామా కార్డు మీద ఆయన వృత్తి లోడింగ్ కూలీ. నిజానికి ఆయనది యెమెన్ ఉత్తరాన సాదా అనే పాత పట్టణం. అక్కడ నాలుగైదు అంతస్తుల ఇళ్ళు కూడా పూర్తిగా మట్టితోనే కడతారు. తాతల కాలం నుంచీ వాళ్ళది ఆ ఇళ్ళు కట్టే కుటుంబం. ఆ ఊరిమీద అప్పటికే యుద్ధ విమానాల బాంబులు పడుతున్నాయి. హాజీ భార్యతో, ఇద్దరు కూతుళ్ళతో రియాద్‌లో ఒక ఇరుకు గదిలో ఉండేవాడు.

మొదటిరోజే ఆయన మా గోడమీద అరచెయ్యి ఆనించి, వేలితో తట్టాడు. బోలుగా మోగింది.

"ఇది గోడ కాదు ముహందిస్. గోడ ఫోటో," అన్నాడు అరబీలో. నేను ఇంజనీర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా నన్ను అలాగే పిలిచేవాడు.

గేటు దగ్గర కాపలా మనిషికి ఒక గది కావాల్సి వచ్చింది. డ్రాయింగుల్లో అది లేదు కాబట్టి దానికి ఏ లుక్కూ అక్కర్లేదు. "అది నాకొదిలెయ్యి," అన్నాడు హాజీ. సిమెంటు మిగులుతుంది కదా అని సరేనన్నాను. అంతకు మించిన మంచి ఆలోచన నాకేమీ లేదు.

ఆయన రాతి పునాది వేసి, మట్టి తడిపి, గడ్డి కలిపి రెండురోజులు నాననిచ్చాడు. ముద్దలు చేసి బలంగా విసిరికొడుతూ మూరెడు ఎత్తున ఒక వరస పెట్టి, అది ఆరేదాకా దాని జోలికి పోయేవాడు కాదు. ప్రతి వరసా మూలల దగ్గర కాస్త పైకి లేచి ఉండేది. అలా లేపితే మూలలు విడిపోవట. మావాళ్ళు చుట్టూ చేరి నవ్వేవారు. మా మేస్త్రీ నిజామాబాద్ వైపు మనిషి.

"మనూర్ల మన్ను గోడలు కూలగొట్టి ఈడికొస్తిమి సార్. ఈడ మల్ల గదే మన్ను తొక్కుడా?" అన్నాడు.

ఆయనేమంటున్నాడని హాజీ అడిగితే చెప్పాను. "కాళ్ళు కడుక్కుని రమ్మను," అన్నాడు హాజీ. మేస్త్రీ నవ్వుకుంటూనే మట్టిలోకి దిగాడు. మూడోరోజుకి నవ్వు పోయింది. "మా తాత గిట్లనే తొక్కుతుండె సార్, నేనే మరిసిన," అన్నాడు.

గది సగం లేచాక, టీ తాగుతుండగా హాజీ ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. సాదాలో వాళ్ళ ఇల్లు. ఒక పక్క మొత్తం కూలిపోయింది. అందులో ఉంటున్న తమ్ముడి కుటుంబం ముందే పక్క పల్లెకు వెళ్ళిపోవడంతో ప్రాణాలు దక్కాయి. మూడో అంతస్తులో గోడకు తగిలించిన జల్లెడ ఇంకా అలాగే ఉంది. దేవుడున్నాడని నేను ఏదో గొణిగాను. హాజీ వినలేదు. ఫోటో పెద్దది చేసి, చీలిన గోడను చాలాసేపు చూశాడు.

"కింది వరసలు మా నాన్నవి. పైవి నావి," అన్నాడు. "నావే పడ్డాయి."

అటుగా వచ్చిన డిజైన్ మేనేజర్ ఆ ఫోటోలోకి తొంగిచూశాడు. అదేమిటో నేను చెప్పాను. "అయ్యో, సో సాడ్," అన్నాడు. ఇంకాస్త వంగి, "ఆ లేయర్స్ భలే క్లియర్‌గా పడ్డాయండీ. నాకోసారి ఫార్వర్డ్ చెయ్యమనండి, టెక్స్చర్ రిఫరెన్స్‌కి పనికొస్తుంది," అన్నాడు. ఆ మాటను అరబీలోకి మార్చకపోవడం ఒక్కటే నేను హాజీకి చేసిన మేలు.

గది పూర్తయిన కొన్నాళ్ళకు రెండు రోజులు పెద్ద వాన పడింది. కోటకు నీరెక్కి పూత పొట్టలా ఉబ్బి ఊడిపోయింది. థర్మకోల్ పలకలు ముంగిట్లో తేలుతూ తిరిగాయి. కాపలా గది చెక్కుచెదరలేదు. మూడోరోజు యజమాని తన అతిథులకు కోట చూపిద్దామని వచ్చాడు. చూపించడానికి కోట లేకపోయేసరికి వాళ్ళను కాపలా గదిలో కూర్చోబెట్టి అరబ్బుల కాఫీ గహ్వా పోయించాడు. గోడ నిమురుతూ, మా తాతలు ఇలాంటి ఇళ్ళలోనే బతికారన్నాడు. దీనికోసం చాలా రీసెర్చ్ చేశామని డిజైన్ మేనేజర్ ఇంగ్లీషులో వివరించాడు. ఆ గది కట్టిన మనిషి పదడుగుల దూరంలో థర్మకోల్ ముక్కలు ఏరి గోనెసంచిలో వేస్తున్నాడు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఎవరూ అన్నదానిలో నేనూ ఉన్నాను.

ఆ నెలలోనే, ప్రతి కంపెనీలో సౌదీవాళ్ళు ఇంతమంది ఉండాలనే నితాఖత్ లెక్కల్లో మా కంపెనీ ఆకుపచ్చ నుంచి పసుపుకి జారింది. సౌదీ మనుషుల వంతు తగ్గిందని అర్థం. అప్పటిదాకా ఆ వంతు నింపింది యజమాని చుట్టాలు. వాళ్ళ పేర్లు జీతాల పట్టికలో ఉండేవి, మనుషులు సైటు మొహం చూసేవాళ్ళు కారు. పైగా ప్రతి విదేశీ కార్మికుడికీ, ఇక్కడుంటున్న అతని భార్యాబిడ్డలకూ కట్టే లెవీ పన్ను ఆ ఏడాది ఇంకా పెంచారు. ఆ లెవీ మోయలేకే నేను నా భార్యాపిల్లల్ని అంతకుముందు ఏడాదే ఇంటికి పంపేశాను. కాబట్టి హాజీ పరిస్థితి నాకు తెలియదని చెప్పుకోలేను.

ఎగ్జిట్ కొట్టి సొంత దేశానికి పంపెయ్యాల్సినవాళ్ళ పేర్లు సైటు నుంచి రాసి పంపమని ఆఫీసు అడిగింది. వయసు మళ్ళినవాళ్ళు, కార్డు మీద ఒక పని రాసి ఉండి ఇంకో పని చేస్తున్నవాళ్ళు ముందట. మేస్త్రీ కార్డు మీద ఉన్నది డ్రైవర్. అతనికి బండి తోలడమే రాదు. అతను మా పక్క జిల్లావాడని అతని పేరు వదిలేసి, హాజీ పేరు మొదట రాశాను.

"ఆఫీసు నిర్ణయం హాజీ. నా చేతిలో ఏముంది?" అన్నాను ఎగ్జిట్ కాగితం అందిస్తూ.

"జాబితా రాసింది నువ్వు," అన్నాడు.

గొంతులో కోపం లేదు. నా మొహంలోకి చూసిన చూపు, మొదటిరోజు మా గోడను తట్టి చూసినప్పటి చూపే. తరవాత మట్టి తొక్కిన చోటికి వెళ్ళి, అక్కడున్న మేస్త్రీ భుజంమీద చెయ్యివేసి ఏదో చెప్పాడు. వారం తిరగకుండా భార్యాబిడ్డలతో సరిహద్దు దాటే బస్సెక్కాడు. పంపడానికి మేస్త్రీ వెళ్ళాడు. నేను సైటులో పనుందన్నాను.

కొన్ని నెలలకు హాజీ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. సాదాలోనే ఉన్నారట. కూలిన మట్టినే మళ్ళీ తడిపి గోడ ఎత్తుతున్నాడట. తమ్ముడి కుటుంబమూ తిరిగొచ్చిందట. నిలిచి ఉన్న పక్కన అందరూ సర్దుకుని ఉంటున్నారు. విమానాల మోత వినిపిస్తే కిందికి దిగుతారు, ఆగిపోతే మళ్ళీ పైకెక్కి రొట్టెలు కాలుస్తారు. వెనక ఆడవాళ్ళ మాటలు, గిన్నెల చప్పుడు వినిపించాయి. చివర్లో, "ఈసారి మూలలు ఇంకా ఎత్తుగా లేపుతున్నాను ముహందిస్," అన్నాడు.

రెండుసార్లు విన్నాను. బొటనవేలు బొమ్మ ఒకటి పంపి, పూత పనివాళ్ళ హాజరు తీసుకోవడానికి లేచాను.